పన్ను నొప్పికి సెలవు పెడతారా ఎవరైనా?

పోయిన నెల మా టీంలో ఒక కుర్రాడు పొద్దున స్టాండప్ కాల్‌లో బుగ్గ పట్టుకుని కూర్చున్నాడు. ఏమైందయ్యా అంటే "జ్ఞానదంతం అన్నా, రిలీజ్ అయ్యాక చూపించుకుంటా" అన్నాడు. అందరం నవ్వాం. నేనూ నవ్వాను. ఫోన్ పెట్టేశాక సిగ్గేసింది. ఆ "అయ్యాక చూపించుకుంటా" ఎక్కడిదాకా పోతుందో మా ఇంట్లోనే చూసినవాణ్ణి మరి.

మాది ముత్యంపేట, మెట్‌పల్లి దగ్గర. ఊరి పేరు చెప్పగానే అందరూ చక్కెర ఫ్యాక్టరీ అంటారు. అది 2015 డిసెంబర్‌లో మూతపడింది. మా పెద్దబాపు ఆ ఫ్యాక్టరీకి ఏళ్ళ తరబడి చెరకు తోలిన రైతు. ఫ్యాక్టరీ పోయినా తన ఒంట్లో చక్కెర మాత్రం పోలేదని ఆయనే జోకు వేసేవాడు. 2019 వానాకాలంలో, నేను బీటెక్ ఫైనల్ ఇయర్‌లో ఉన్నప్పుడు, ఆయనకి కింది దవడలో పిప్పి పన్ను సలపడం మొదలైంది. ముందు లవంగం, తర్వాత పంటి సందులో తంబాకు, ఆ తర్వాత మెడికల్ షాపులో అడిగి తెచ్చుకున్న గోలీలు. నాలుగైదు రోజులకు నొప్పి తగ్గింది. "తగ్గింది గదరా! పన్ను నొస్తే జగిత్యాల దాక పోతరా ఎవలన్న?" అన్నాడు ఫోన్లో.

అసలు మోసం ఆ తగ్గడంలోనే ఉంది. పంటి లోపలి నరం చచ్చిపోతే నొప్పి ఆగుతుంది, ఇన్‌ఫెక్షన్ ఆగదు. అలర్ట్ మ్యూట్ చేసేసి సర్వర్ బాగైంది అనుకున్నట్టు. వేరు కొసన పట్టిన చీము ఎముకని తొలుచుకుని దారి వెతుక్కుంటుంది. ఏ దారి అనేది పన్నుని బట్టి. కింది దవడ వెనక పళ్ళ వేళ్ళ కొసలు, నోటి అడుగు కండరం అతుక్కునే చోటికన్నా కిందికి ఉంటాయి. అందుకని అక్కడి చీము నేరుగా గదుమ కిందికి, మెడలోకి దిగుతుంది. రెండు పక్కలా పాకిందంటే దాని పేరు లుడ్విగ్స్ ఆంజైనా. లుడ్విగ్ అనే జర్మన్ డాక్టరు 1836లో దీన్ని వర్ణించాడు. పేరు చూసి గుండెజబ్బు అనుకోకండి, గొంతు నులిమినట్టు అవుతుందని ఆ పేరు. నాలుక పైకీ వెనక్కీ లేచి గాలి దారి మూసేస్తుంది. యాంటీబయాటిక్స్ రాకముందు ఇది వచ్చినవాళ్ళలో సగం మందికి పైగా పోయేవాళ్ళు.

పెద్దబాపుకి వచ్చింది ఇదే. గదుమ కింద రాయిలాగా వాపు. ఊళ్ళో ఒకాయన సూది వేశాడు, ఒక పూట బాగానే ఉన్నాడు. మర్నాడు రాత్రికి ఉమ్ము మింగలేడు, నోరు తెరవలేడు, మాట ముద్దముద్దగా వస్తోంది. పడుకుంటే ఊపిరాడక మంచం మీద ముందుకు వంగి కూర్చున్నాడు. మెట్‌పల్లిలో చూసి జగిత్యాల పొమ్మన్నారు, జగిత్యాలలో చూసి కరీంనగర్ అన్నారు. కరీంనగర్‌లో గొంతుకి రంధ్రం చేసి గొట్టం పెట్టారు, మెడ రెండు పక్కలా కోసి చీము తీశారు, పన్ను పీకారు. 11 రోజులు ఐసీయూ. పసుపు అమ్మిన పైసలు, దుబాయ్ నుంచి అన్న పంపిన పైసలు అన్నీ అక్కడే అయిపోయాయి. మనిషి దక్కాడు. మాట మాత్రం ఇప్పటికీ గరగరే. అన్నట్టు, అంత పెద్ద బిల్లులో పన్ను పీకినందుకు వేసింది 500 రూపాయలు.

ఇది చదువులేని పల్లెటూరి కథ అని కొట్టిపారేసేవాళ్ళకి ఇంకోటి చెప్తా. 2007 ఫిబ్రవరిలో అమెరికాలో, వాషింగ్టన్ పక్కనే ఉన్న మేరీలాండ్‌లో, డియామాంటే డ్రైవర్ అనే 12 ఏళ్ళ పిల్లాడు పంటి చీము మెదడుకి పాకి చనిపోయాడు. రెండుసార్లు మెదడుకి ఆపరేషన్ చేశారు, వైద్యానికి సుమారు రెండున్నర లక్షల డాలర్లు అయ్యాయి. ఆ పన్ను ముందే పీకించి ఉంటే 80 డాలర్లు. దాని మీద అక్కడ పెద్ద గొడవే జరిగి, 2009లో పిల్లల ప్రభుత్వ బీమాలో పంటి వైద్యాన్ని తప్పనిసరి చేశారు.

మరి మన సంగతి? మన కంపెనీల గ్రూప్ ఇన్సూరెన్స్ పాలసీ ఒకసారి తెరిచి చదవండి. సాధారణంగా యాక్సిడెంట్‌లో పళ్ళు ఊడితే తప్ప పంటి వైద్యం అందులో ఉండదు. అంటే 500 రూపాయల పనికి పైసా రాదు. అది ముదిరి మెడ కోయాల్సి వచ్చి, హాస్పిటల్లో చేరితే మాత్రం లక్షల క్లెయిముకి దారి దొరుకుతుంది. ఏ ఆర్కిటెక్ట్ అయినా ఇలాంటి డిజైన్ తీసుకొస్తే రివ్యూలో నిలబెట్టి కడిగేస్తాం. పాలసీ దగ్గరికొచ్చేసరికి "ఎక్స్‌క్లూజన్స్ కదా" అని సర్దుకుపోతాం. పన్ను ఒంట్లో భాగం కాదని ఎవరు తేల్చారో!

డెంటల్ క్లినిక్కులకి వెళ్తే అవసరం లేని రూట్ కెనాల్ అంటగడతారు, బీమా ఇస్తే ఇంకా దోచుకుంటారు అంటారు కొందరు. కాదనను, నాకూ ఒకచోట అనుభవమైంది. అంతమాత్రాన మెడికల్ షాపు గోలీ జవాబు కాదు. అసలు చీము బయటికి పోకుండా, పన్ను సంగతి తేల్చకుండా ఉత్త యాంటీబయాటిక్ మింగితే ఎక్కువసార్లు వాయిదా పడేది రోగమే. షుగర్ ఉన్నవాళ్ళకి అది ఇంకా తొందరగా ముదురుతుంది.

మన పళ్ళ సంగతి సరే, ఊళ్ళో అమ్మానాన్నల్ని అడిగారా? వాళ్ళు తమంతట తాము చెప్పరు. ఈసారి ఫోన్ చేసినప్పుడు పళ్ళ గురించి కూడా అడగండి. గదుమ కింద వాపు, జ్వరం, నోరు తెరుచుకోకపోవడం, మింగలేకపోవడం, కన్ను చుట్టూ వాపు, వీటిలో ఏది ఉన్నా తెల్లారేదాకా ఆగొద్దు, పెద్దాసుపత్రికే. ఊపిరి కష్టంగా ఉంటే 108.

ఇంత చెప్పే నాకు పై దవడలో ఒకటి ఆరు నెలల నుంచి జివ్వుమంటోంది. గురువారం అపాయింట్‌మెంట్. లీవ్ మెయిల్లో మొదట "పర్సనల్ వర్క్" అని కొట్టి, అది చెరిపేసి "పన్ను నొప్పి" అని రాసి పంపాను. మేనేజరు నవ్వుతున్న బొమ్మ పెట్టాడు.