అక్కాచెల్లెళ్ల గడప

అమెరికా విశ్వవిద్యాలయాల్లో 'సొరోరిటీ' అనే విద్యార్థినుల సంఘాలుంటాయి. పేరులో ఉన్నది అక్కాచెల్లెళ్ల బంధమే. కానీ చేరాలంటే పరిచయ విందులు దాటాలి, చందా కట్టాలి. చాలాచోట్ల పాత సభ్యుల సిఫారసులూ నడిచాయి. అలబామా విశ్వవిద్యాలయంలోకి 1963లో నల్లజాతి విద్యార్థులు కోర్టు బలంతో అడుగుపెట్టారు. యాభై ఏళ్ల తర్వాత, 2013లో, మంచి మార్కులున్న నల్లజాతి అమ్మాయిని తెల్లవాళ్ల సొరోరిటీలేవీ చేర్చుకోలేదని అక్కడి విద్యార్థుల పత్రికే బయటపెట్టింది. చట్టం తలుపు తీసింది. గడప మాత్రం అక్కాచెల్లెళ్ల చేతుల్లోనే ఉండిపోయింది.

ఇంట్లో తొలిసారి కాలేజీ మెట్టెక్కిన అమ్మాయిలకు 'తోడ్పాటు' అంటే ఏం కట్టుకోవాలో, ఎలా మాట్లాడాలో నేర్పడమేనా?

నేను చాగలమర్రి నుంచి హాస్టల్‌కు వెళ్లినదాన్ని. మొదటి వారమే ఊరు, నాన్న పని, ఇంటిపేరు అడిగారు. ఇంటిపేరు దేనికో మా ఊళ్లో పుట్టినవాళ్లకు వేరే చెప్పక్కర్లేదు. 'యాడికి పోతాండారు' అంటే నవ్వారు. ఒక అక్క పక్కకు పిలిచి, 'ఆ యాస మార్చుకో, అందరూ కలుపుకుంటారు' అంది ప్రేమగా. మార్చుకున్నాను. కలుపుకున్నారు. డాక్టరేటూ వచ్చింది. ఒకరోజు ఫోన్ చేస్తే మా అమ్మ, 'ఎవురు మాట్లాడేది?' అంది.

మనకిది కొత్త కాదు. స్త్రీవాదం చెప్పే 'మనం'లో మేమెక్కడని దళిత, ముస్లిం స్త్రీలు నిలదీశారు. 2003లో గోగు శ్యామల సంపాదకత్వంలో దళిత స్త్రీల సాహిత్యం 'నల్లపొద్దు'గా వచ్చింది. హోవర్డ్ విశ్వవిద్యాలయంలో నల్లజాతి విద్యార్థినులు 1908లోనే సొంత సొరోరిటీ పెట్టుకున్నారు. వాళ్లు వేరే ఇల్లు కట్టుకున్నారు కాబట్టి మన గడప ఎత్తు తగ్గించనక్కర్లేదా?

నియమం మారేదాకా ఆ పిల్ల వాకిట్లో నిలబడలేదు, నిజమే. లోగుట్టు చెప్పాల్సిందే. అయితే 'ఇది వాళ్ల నియమం' అని చెప్పాలి, 'ఇది నీ లోపం' అని కాదు. చెప్పి ఊరుకోకుండా నియమాన్నీ మార్చాలి.

మన సదస్సులతోనే మొదలుపెడదాం. తెలిసినవాళ్లకు ఫోన్లు చేయడం ఆపి, పిలుపును అందరికీ ప్రకటిద్దాం. వ్యాసాల ఎంపిక దేన్నిబట్టో ముందే చెబుదాం. దారిఖర్చులు 'తర్వాత ఇస్తాం' అనొద్దు. ఆ 'తర్వాత' దాకా పెట్టుకోవడానికి ఆ పిల్ల దగ్గర డబ్బుండదు. వచ్చాక ఇంటిపేరు అడగొద్దు. ఏం రాసుకొచ్చిందో అడుగుదాం. ఏ యాసలో చదివినా విందాం.