అడవి అనే ఇంటిపేరు

అడివి బాపిరాజు గారి పేరు ఎన్నిసార్లు పలికినా, ముందున్న ఆ ‘అడివి’ దగ్గర మనం ఆగం. ‘నారాయణరావు’, ‘గోన గన్నారెడ్డి’ రాసిన చెయ్యి, కుంచె పట్టిన చెయ్యి ముందు గుర్తొస్తాయి. ఇంటిపేరు పక్కకు తప్పుకుంటుంది. అచ్చంగా అదే అర్థమున్న ఇంటిపేరు పోర్చుగీసు భాషలోనూ ఉంది: సిల్వా. లాటిన్‌లో సిల్వా అంటే అడవి. పోర్చుగల్‌లో పుట్టి సముద్రాలు దాటిన ఈ పేరు బ్రెజిల్‌లో ఎంతగా అల్లుకుపోయిందంటే, 2022 జనాభా లెక్కల ప్రకారం అక్కడ సుమారుగా ప్రతి ఆరుగురిలో ఒకరు సిల్వా.

మనకు ఇంటిపేరు అంటే ఆనవాలు. రైల్లో ఎదుటి సీటు మనిషి ‘మీ ఇంటిపేరేమిటండీ’ అని మొదలుపెడితే, ఆ ప్రశ్న ఊరి మీదుగా నడిచి కులం దగ్గర ఆగుతుందని అడిగేవాడికీ తెలుసు, చెప్పేవాడికీ తెలుసు. సిల్వా అలాంటి ప్రశ్నకు లొంగదు. ఏ ఊరు, ఏ వంశం, ఏ రంగు, ఏ మతం అన్నది ఆ పేరు చెప్పదు. అది చెప్పకపోవడం వెనక పెద్ద చరిత్ర ఉంది. ఆ పేరున్న కొందరి బతుకుల్లోంచి ఆ చరిత్రను చూడాలని ఎన్నాళ్ళ నుంచో అనుకుంటున్నాను.

ఆఫ్రికా నుంచి బానిసలుగా తెచ్చి బ్రెజిల్ రేవుల్లో దించిన మనుషులు దాదాపు 48 లక్షల మంది. అమెరికా ఖండాల్లో మరే దేశమూ అంతమందిని దించుకోలేదు. పాదిరి నీళ్ళు చల్లి ఒక క్రైస్తవ నామం ఇచ్చేవాడు. ఇంటిపేరు మాత్రం ఉండేది కాదు. దస్తావేజుల్లో ఆ ఒంటి పేరు పక్కన ఒంటి రంగో, పట్టుకొచ్చిన తీరం పేరో రాసేవారు. విడుదల పొందినవాళ్ళలో కొందరు యజమాని ఇంటిపేరు తీసుకున్నారు, కొందరు పునీతుల పేర్లు తీసుకున్నారు. ఎందరో సిల్వా అయ్యారు. ఎవరి సొత్తూ కాని పేరు కాబట్టి దాన్ని ఎవరైనా తీసుకోవచ్చు.

షికా దా సిల్వా కథ అక్కడే మొదలవుతుంది. వజ్రాలు దొరికే తిజూకో అనే ఊళ్ళో (ఇప్పుడు దియమంతీనా) బానిసగా ఉన్న ఫ్రాన్సిస్కాకు 1753లో విముక్తి దొరికింది. విడిపించిన జొవాఁవ్ ఫెర్నాందెస్ దె ఒలివెయిరా వజ్రాల గుత్తేదారు. వాళ్ళిద్దరికీ 13 మంది పిల్లలు. అంతకుముందు రంగుతో గుర్తించిన మనిషి ఆ తర్వాత కాగితాల్లో ఫ్రాన్సిస్కా దా సిల్వా అయింది. జనం నోట, 1976లో వచ్చిన సినిమాలో ఆమె మగవాళ్ళను ఆడించే మాయలాడి. చరిత్రకారిణి జూనియా ఫుర్తాదో పాత దస్తావేజులు తిరగేస్తే వేరే మనిషి కనిపించింది: పిల్లల్ని చదివించుకుని, చర్చి సంఘాల్లో చోటు సంపాదించుకుని, ఇల్లు నడుపుకున్న గృహిణి. ఆమె తానూ బానిసల్ని ఉంచుకుంది. అభిమానం కొద్దీ ఈ సంగతి దాచేస్తే ఆమెను మళ్ళీ బొమ్మను చేసినట్టే. ఆమె 1796లో కన్నుమూసింది. తెల్లవారి సంఘానిదైన సాఁవ్ ఫ్రాన్సిస్కో చర్చిలో ఆమెను ఖననం చేశారు. ఏ గడప లోపలికి రానివ్వకూడదని ఆ సమాజం కట్టుబాటు పెట్టుకుందో, ఆ గడప లోపలే ఆమె సమాధి ఉంది.

బ్రెజిల్‌లో బానిసత్వం చట్టప్రకారం రద్దయింది 1888 మే 13న. పేరు మిగిలింది. పేదరికమూ మిగిలింది. అందుకే సిల్వా అంటే అక్కడ చాలాకాలం ‘ఎవరో ఒకరు’ అని అర్థం. కారు పందేల వీరుడు ఐర్టన్ సెన్నా అసలు పేరు ఐర్టన్ సెన్నా దా సిల్వా. ఇంగ్లండులో మొదట పందేలకు దిగినప్పుడు దా సిల్వాగానే దిగాడు. ఆ పేరు మరీ ఎక్కువమందికి ఉందని, తల్లివైపు పేరైన సెన్నాను ముందుకు తెచ్చుకున్నాడు. అతన్ని తప్పుపట్టలేను. వేల సిల్వాలలో ఒకడిగా కలిసిపోకూడదని కుర్రవాడు అనుకోవడంలో తప్పేముంది?

పెర్నంబూకోలోని పేద ఇంట్లో 1945లో పుట్టిన లూయిజ్ ఇనాసియో దా సిల్వా మరో దారి పట్టాడు. ఏడేళ్ళ వయసులో తల్లితో, తోబుట్టువులతో లారీ వెనక చెక్క బల్లల మీద కూర్చుని 13 రోజులు ప్రయాణం చేసి సాఁవ్ పాలో రాష్ట్రం చేరాడు. లోహపు కర్మాగారంలో పనిచేస్తూ యంత్రంలో చిటికెనవేలు పోగొట్టుకున్నాడు. కార్మికులు పిలిచే ముద్దుపేరు లూలాను 1982లో చట్టబద్ధంగా తన పేరులో కలుపుకున్నాడు. సిల్వాను మాత్రం తీసెయ్యలేదు. లూయిజ్ ఇనాసియో లూలా దా సిల్వా అనే ఆ పూర్తి పేరుతోనే 2002లో, 2006లో, మళ్ళీ 2022లో దేశాధ్యక్షుడిగా గెలిచాడు. అతని రాజకీయాల మీద ఎవరి అభిప్రాయం ఏదైనా, వలస లారీలో వచ్చిన ఆ ఇంటిపేరు అధ్యక్ష భవనం దాకా వెళ్ళడం మామూలు విషయం కాదు.

ఆయన మొదటి మంత్రివర్గంలో పర్యావరణ మంత్రిగా పనిచేసిన మరీనా సిల్వాకైతే ఈ పేరు అక్షరాలా సరిపోయింది. 1958లో ఆక్రి రాష్ట్రపు అమెజాన్ అడవిలో, రబ్బరు చెట్లకు గాట్లు పెట్టి పాలు పట్టే కుటుంబంలో పుట్టింది. అక్షరాలు నేర్చుకున్నది 16 ఏళ్ళకు, పట్నం వచ్చాక. ఇళ్ళల్లో పనిచేస్తూ చదువుకుంది. విశ్వవిద్యాలయంలో చరిత్ర చదివి, రబ్బరు కార్మికుల నాయకుడు షికో మెండెస్‌తో కలిసి చెట్లు నరికేవాళ్ళకు అడ్డం నిలబడి, 36 ఏళ్ళకు సెనేట్‌కు ఎన్నికైంది. అడవి అనే పేరుతో అడవిలో పుట్టి అడవి కోసం కొట్లాడిన మనిషి ఆమె.

ఆటగాళ్ళ సంగతి మొదలెడితే పేజీలు చాలవు. 1938 ప్రపంచ కప్పులో 7 గోల్స్ కొట్టిన లియోనిదాస్ దా సిల్వా ఉన్నాడు, ప్రపంచ కప్పుల్లో 17 గోల్స్‌తో మగవాళ్ళనూ దాటేసిన మార్తా వియెయిరా దా సిల్వా ఉంది. మన వాకిటి దాకా వచ్చిన సిల్వాను మాత్రం తెలుగువాళ్ళు మరిచిపోరు. 1996 మార్చి 17న లాహోర్‌లో 3 వికెట్లు తీసి, ఆపైన 107 పరుగులతో అజేయంగా నిలిచి శ్రీలంకకు ప్రపంచ కప్పు అందించిన అరవింద డి సిల్వా. సింహళ తీరంలో పోర్చుగీసు పాలన పోయి మూడు వందల ఏళ్ళు దాటింది. ఆ పేరు మాత్రం ఇవాళ ఎన్నో బౌద్ధ కుటుంబాల్లో కూడా ఉంది.

లిస్బన్‌లో 1908లో పుట్టిన చిత్రకారిణి మరియా ఎలేనా వియెయిరా దా సిల్వాను తలచుకుంటే మనసు బరువెక్కుతుంది. హంగేరీ యూదు చిత్రకారుడు ఆర్పాద్ సెనెష్‌ను పెళ్ళాడి పోర్చుగల్ పౌరసత్వం పోగొట్టుకుంది. యుద్ధం ముంచుకొస్తున్న 1939లో ఆశ్రయం కోసం స్వదేశం వస్తే పౌరసత్వం తిరిగి ఇవ్వలేదు. దేశంలో అతి మామూలు ఇంటిపేరున్న మనిషినే ఆ దేశం తనది కాదంది. ఆ యుద్ధకాలం ఆమె రియో దె జనెయిరోలో గడిపింది. చివరికి 1956లో ఫ్రాన్స్ ఆమెను తన పౌరురాలిగా తీసుకుంది.

ఇంతమందిలో నేను మళ్ళీ మళ్ళీ తలచుకునే సిల్వా ఒక నాటకకర్త. అంతోనియో జోజె దా సిల్వా 1705లో రియోలో, బలవంతాన క్రైస్తవంలోకి మారిన యూదుల వంశంలో పుట్టాడు. తల్లిని కాథలిక్ చర్చి మతవిచారణ సభ (ఇంక్విజిషన్) పట్టుకుపోతే కుటుంబమంతా లిస్బన్ చేరింది. అతను న్యాయశాస్త్రం చదివాడు. 1726లో అతన్నీ పట్టుకుని, చిత్రహింసలు పెట్టి, తప్పు ఒప్పించి వదిలారు. ఆ తర్వాత ఏం చేశాడో చూడండి: బైర్రో ఆల్తో నాటకశాలలో బెండు బొమ్మలతో ఆడించే హాస్య నాటకాలు రాసి ఊరందరినీ నవ్వించాడు. డాన్ కిహోతే కథనూ బొమ్మల చేత ఆడించాడు. 1737లో మళ్ళీ పట్టుకున్నారు. 1739లో గొంతు నులిమి చంపి కాల్చేశారు. అప్పటికి అతనికి 34 ఏళ్ళు. జోజె సరమాగో తన ‘మెమోరియల్ దో కొన్వెంతో’ నవలను ఆ మంటల దగ్గరే ముగించాడు.

అయిదేళ్ళ తర్వాత, 1744లో, ఆ నాటకాలు లిస్బన్‌లో పుస్తకంగా అచ్చయ్యాయి. రచయిత పేరు ఎక్కడా లేదు. అయితే ముందుమాట చివర రెండు చిన్న పద్యాలున్నాయి. వాటి పాదాల మొదటి అక్షరాలను పైనుంచి కిందికి కూడబలుక్కుంటే ఒక పేరు వస్తుంది: అంతోనియో జోజెఫ్ దా సిల్వా.