జబాన్ మీద నడిచే హిసాబ్

గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్‌లలో షాదీ కార్డులు, ఫ్లెక్సీలు డిజైన్ చేసే మన పిల్లల హిసాబ్ ఎక్కడుంది? సగం వాట్సాప్‌లో, సగం యాదిలో. ‘రేపిస్తా భాయ్’ అన్న జబాన్ మీదే భరోసా. గట్టిగా అడిగితే దోస్తానా పాడవుతుందని ఫికర్.

వీళ్లకు పెద్ద కంపెనీల సాఫ్ట్‌వేర్ అక్కర్లేదు. గిరాకీ పేరు, పని, అప్పజెప్పిన తారీఖు, అడ్వాన్స్, బాకీ. ఫోన్‌లో, తెలుగులో ఈ ఐదు గడులు చాలు.

2006 ఎంఎస్ఎంఈ చట్టం ప్రకారం, ఉద్యమ్‌లో నమోదైన చిన్న యూనిట్‌కు 45 రోజులు దాటకుండా డబ్బు చెల్లించాలి. ఆ హక్కు అడగాలన్నా పని ఇచ్చిన తారీఖుకు సబూత్ కావాలి కదా! రాసుకుంటే షక్ పడ్డట్టు కాదు, తక్రార్ రాకుండా చూసుకున్నట్టు.

ఇలాంటి యాప్ తయారుచేసే హునర్ మన చదువుకున్న కుర్రాళ్లకుంది. మరి ఎవరి కోసం ఈ ఇంతెజార్?