వేరుశనగకు సంఘమే రక్ష

ఐరాల ప్రాంతపు మెట్టరైతు వానను నమ్మి వేరుశనగ విత్తును. తొలివాన పడినంతనే ఎఱ్ఱగొంగళి రెక్కపురుగులు నేల వెడలి గ్రుడ్లు పెట్టును. ఆ రాత్రులలోనే ఊరంతయు దీపపుటెరలు పెట్టవలదా? ఒక్కడు చేసిన నేమి ఫలము? పొరుగుచేని పురుగు గట్టు నెఱుగునా!

2000లో అనంతపురము జిల్లా వేరుశనగను దెబ్బతీసిన కాండపుకుళ్ళు వైరసు, వయ్యారిభామ పుప్పొడిలో దాగి, తామరపురుగుల వెంట చేలకు వచ్చినది. ఆ కలుపు పెరుగునది బీళ్లలో, బాటల ప్రక్కల. దానిని ఏ రైతు పీకును?

“ఎవరి చేను వారు చూచుకొందురు” అను వారిని మేమడుగుచున్నాము: సంఘము లేక ఇది సాధ్యమా? 1995 నాటి పరస్పర సహాయక సహకార సంఘముల చట్టము దారి తెఱచియే యున్నది. చీడ నెదుర్చు సంఘమే కాయలను కూడి అమ్మి, ధర నడుగగలదు. పట్టణపు విద్యావంతులారా! ఆ నూనె తినువారము మనమే. సంఘము కట్టించుటకు కదలుడు!