ఎలాగూ బండి వెళ్తోంది కదా!

ఇల్లు మారడమంటే ఏమిటో ఆడవాళ్లకి వేరే చెప్పక్కర్లేదు. అట్టపెట్టెల కోసం కిరాణా కొట్టువాళ్లని బతిమాలడం దగ్గర్నుంచి, కొత్తింట్లో దిగాక ఉప్పు డబ్బా ఏ మూటలో కట్టామో గుర్తు తెచ్చుకోవడం దాకా అంతా మన పనే. గాజు సామానుకి పాత చీరలు చుట్టేది మనమే, చివర్న ఖాళీ ఇంటిని ఊడ్చి బయటికొచ్చేదీ మనమే. బండి మాట్లాడే దగ్గర మాత్రం మనం ఉండం. ఎంత బండి కావాలి, ఎంత బరువు ఎక్కించాలి, ఎన్నింటికి బయల్దేరాలి... ఇవన్నీ 'నీకు తెలియదులే' కిందికి వెళ్లిపోతాయి.

నిజంగానే మనకి తెలియదా? పెళ్లయిన ఇన్నేళ్లలో నేను ఐదు ఇళ్లు మారాను. అందులో ఒక ప్రయాణం నాకు నేర్పిన సంగతి మీతో చెప్పుకోవాలనిపించి ఇది రాస్తున్నాను.

2017 జూన్. మావారికి నంద్యాల నుంచి గుంటూరుకి బదిలీ అయింది. పిల్లకి బడి తెరిచేలోగా వెళ్లిపోవాలని హడావుడి. దారి 250 కిలోమీటర్ల పైనే. మధ్యలో నల్లమల ఘాటు ఎక్కి దిగాలి. పెద్ద లారీ అయితే ఇంకో 4,000 రూపాయలు అవుతుందని చిన్న వ్యాను మాట్లాడారు మావారు. అది మోయగలిగింది రెండున్నర టన్నులు. మా ఇంటి సామానంతా కలిపితే రెండు టన్నులు ఉంటుందేమో. అక్కడితో ఆగితే ఏ గొడవా లేకపోను.

గుంటూరులో మా బావగారు ఇల్లు కట్టుకుంటున్నారు. నంద్యాల పక్కనే బేతంచెర్ల. అక్కడి నాపరాళ్లకి ఎంత పేరో మీకు తెలుసు. "ఎలాగూ బండి వెళ్తోంది కదా, ఓ 40 బండలు వేసుకుని రా" అన్నారాయన ఫోన్లో. మా ఆడపడుచు నంద్యాల సోనా బియ్యం అడిగింది. ఎలాగూ బండి వెళ్తోంది కదా అని 25 కిలోల బస్తాలు పది వేశారు. ముందు బండలు, వాటి మీద బియ్యం, ఆ పైన మా సంసారం.

హమాలీలు బండలు ఎక్కిస్తుంటే డ్రైవరు మావారి దగ్గరికి వచ్చి, "సార్, లోడు శానా ఎక్కువైతాది. ఘాటు ఎక్కాల. బండలన్నా వేరేగా పంపిస్తే బాగుంటాది" అన్నాడు. నేను అప్పుడు టీ గ్లాసులు పట్టుకుని అక్కడే ఉన్నాను. "ఏం కాదులేవయ్యా, ఇంకో ఐదొందలు తీసుకో" అన్నారు మావారు. డ్రైవరు ఒక్క క్షణం ఆగి సరేనన్నాడు. బండికి కట్టాల్సిన వాయిదా ఉందట, ఆ బేరం పోగొట్టుకోలేడు. నాకూ మనసులో ఎక్కడో గుచ్చుకుంది. కానీ బయట హమాలీల ముందు ఏమంటాం? గ్లాసులు తీసుకుని లోపలికి వెళ్లిపోయాను.

ఆ ఊరుకోవడం గురించే నేను చెప్పాలనుకుంటున్నది.

అత్తయ్యకి బస్సు పడదు. ఆవిడని తీసుకుని మావారు మధ్యాహ్నం రైలెక్కారు. సామాను వెంట ఎవరో ఒకరు ఉండాలి. "ఎలాగూ బండి వెళ్తోంది కదా, కేబిన్లో నువ్వూ పిల్లా వచ్చెయ్యండి" అన్నారు. అలా మేమిద్దరం కూడా ఆ లోడులో చేరిపోయాం. బయల్దేరేసరికి సాయంత్రమైంది. చివర్లో ఎక్కడా చోటు లేక మా అమ్మ ఇచ్చిన సన్నికల్లు నా కాళ్ల దగ్గర పెట్టారు.

గాజులపల్లె దాటి అడవిలో ఎక్కుడు మొదలయ్యాక బండి మూలగడం మొదలుపెట్టింది. పొద్దుగూకింది. ఒక మలుపులో వెనకవైపు 'ఠాప్' మని పెద్ద చప్పుడు. బండి ఒక పక్కకి ఒరిగింది. వెంటనే రబ్బరు కాలిన వాసన. కమాన్ కట్ట విరిగిందని తర్వాత తెలిసింది. బండి బరువుని చక్రాల మీదికి దింపే ఇనుప పట్టీల దొంతర అది. పట్టీలు విరిగితే పైనున్న తొట్టి టైరు మీద కూర్చుంటుంది. టైరు రాసుకుని పొగలొచ్చాయి.

డ్రైవరు బ్రేకు తొక్కి పట్టుకుని "రాయి, రాయి" అని అరిచాడు. మీసాలింకా సరిగా రాని క్లీనరు కుర్రాడు దూకి ఓ రాయి తీసి వెనక చక్రం కింద పెట్టాడు. ఆ రాయి బరువుకి నలిగి పెళపెళా విరిగిపోయింది. బండి ఓ అడుగు వెనక్కి జారింది. కుర్రాడు చెయ్యి లాక్కోవడం ఒక్క రెప్పపాటు ఆలస్యమై ఉంటే... ఆ మాట ఇప్పుడు రాస్తుంటే కూడా నా అరచేతులు చల్లబడుతున్నాయి. నా కాళ్ల దగ్గరున్న సన్నికల్లు ఎలా ఎత్తానో తెలియదు, తలుపు తీసి కిందికి తోశాను. అదే చక్రం కింద పెట్టారు. బండి ఆగింది.

ఫోనుకి సిగ్నల్ లేదు. చుట్టూ పులులున్న అడవి. మూడో తరగతి చదివే పిల్ల, నేను, ముక్కూమొహం తెలియని ఇద్దరు మగవాళ్లు. ఇంతకీ ఆ రాత్రి నన్ను అన్నిటికన్నా ఎక్కువ భయపెట్టింది పులి కాదు, మరుగు. ఆ రోడ్డు పక్కన చీకట్లో పిల్లకి పమిట అడ్డం పట్టుకుని నిలబడ్డప్పుడు తెలిసింది, 'కేబిన్లో వచ్చెయ్యండి' అన్న మాట ఎంత తేలికైనదో.

గిద్దలూరు వెళ్లే ఆర్టీసీ బస్సు ఆగింది. కండక్టరు మెకానిక్కుకి కబురు చెబుతానన్నాడు. బస్సులో ఒక పెద్దావిడ కిటికీలోంచి రెండు నీళ్ల సీసాలూ, అరడజను అరటిపళ్లూ అందించింది. "రామ్మా, బస్సెక్కు" అంది కూడా. వెళ్లాల్సింది. సామాను వదిలి ఎలా వెళ్లడమని ఉండిపోయాను. ప్రాణం కన్నా సామాను ఎక్కువా అని ఇప్పుడు నన్ను నేనే అడుక్కుంటాను.

పదిన్నరకి మెకానిక్కు వచ్చాడు. బరువు దించితే గానీ జాకీ పెట్టలేనన్నాడు. సగం సంసారం రోడ్డు పక్కన పరిచాం. బియ్యం బస్తాలు, ఆ తర్వాత బండలు. ఒక్కో బండ పాతిక కిలోలు. అంటే 40 బండలు కలిపి వెయ్యి కిలోలు, ఒక టన్ను! టార్చి వెలుగులో నేను వేళ్ల మీద ఆ లెక్క వేసుకుంటుంటే మెకానిక్కు విరిగిన పట్టీ తీసి చూపించాడు. "ఇది ఈ పొద్దు ఒక్కసారిగా ఇరగలేదమ్మా. చూడు, సగం దాకా తుప్పుంది. పాత పగులు. ప్రతి లోడుకీ ఇంతింత పెరుగుతా వచ్చింది" అన్నాడు. నిజమే, ఇవాళ్టి 'పరవాలేదులే' ఒక్కటే దాన్ని విరగ్గొట్టలేదు. వెనకటి 'పరవాలేదు'లన్నీ కలిసి విరగ్గొట్టాయి.

రెండింటికి బండి కదిలింది, బండలు లేకుండా. గిద్దలూరు దగ్గర ఫోను మోగింది. కంగారుతో ఆయన గొంతు వణుకుతోంది. పిల్ల ఎలా ఉందని అడిగారు. ఆ వెంటనే, "చెప్పానా, ఆ చెత్తా చెదారం అంతా వద్దని! నీ రోలూ, నీ డబ్బాలూ..." అన్నారు. నాకు కోపం రాలేదు, నవ్వొచ్చింది. "నా రోలు యాభై కిలోలండీ. మీ అన్నయ్యగారి బండలు వెయ్యి కిలోలు" అన్నాను. అవతల చాలాసేపు మాట లేదు.

కొత్తింట్లో పొద్దున్నే ముహూర్తానికి అత్తయ్య పాలు పొంగించేశారు, ఇల్లాలు లేకుండానే. నేను చేరేసరికి తొమ్మిది. ఆ బండల కోసం మర్నాడు ట్రాక్టరూ, ఆ తర్వాత వేరే లారీ. మిగిలిన 4,000 ఎక్కడికి పోయాయో గానీ, బండల ఖరీదు కన్నా వాటి మోత ఖరీదు ఎక్కువైంది.

ఇందులో తప్పు మావారి ఒక్కరిదే అనను. బావగారిదీ కాదు. వాళ్లు అడిగింది చిన్న సాయమే. డ్రైవరు ముందే చెప్పాడు, మేమే వినలేదు. రోడ్డు మీద ఒరిగిన బండిని చూస్తే 'ఈ డ్రైవర్లు ఇంతే' అనేస్తాం. ఆ బండిలో అంత బరువు ఎవరు ఎక్కించమన్నారు, ఐదొందలు ఎక్కువిచ్చి ఎవరు నోరు నొక్కారు అని అడగం. చక్రం కింద చెయ్యి పెట్టేది మాత్రం ఆ కుర్రాడు.

బరువు సంగతి ఆడవాళ్లకి తెలియదని ఎవరన్నా అంటే ఒప్పుకోకండి. రోజూ బరువులు ఎత్తేది మనమే. నిండు గ్యాసు బండ 30 కిలోల దాకా ఉంటుందనీ, పుస్తకాలు నింపిన అట్టపెట్టె కన్నా బట్టల మూట తేలికనీ మనకి ఎవరూ నేర్పక్కర్లేదు. ఆ తెలిసినదాన్ని కాగితం మీద పెట్టడమే మనం చెయ్యనిది. సామాను జాబితా రాసి, పక్కన ఉజ్జాయింపుగా బరువు వేస్తే గంట పని. ప్రతి బండికీ ఆర్‌సీ పుస్తకం ఉంటుంది. అందులో ఖాళీ బండి బరువూ, లోడుతో ఉండదగ్గ బరువూ రెండూ రాసి ఉంటాయి. రెంటికీ తేడా ఎంతో అదే ఆ బండి మొయ్యదగ్గ బరువు. ఈ తీసివేత మూడో తరగతి పిల్ల కూడా చేస్తుంది.

చట్టం సంగతి కూడా తెలుసుకోవడం మంచిది. 1988 నాటి మోటారు వాహనాల చట్టాన్ని 2019లో సవరించారు. దాని ప్రకారం మితిమీరిన లోడుకి 20,000 రూపాయల జరిమానా, ఎక్కువైన ప్రతి టన్నుకీ ఇంకో 2,000. పైగా ఆ ఎక్కువ సరుకు దింపించే ఖర్చు కూడా మనదే. సరుకు బండిలో ఆ సరుకు యజమానికో, ఆయన తరఫు మనిషికో తప్ప ఊరికే ఎక్కినవాళ్లకి బీమా సంస్థ పరిహారం ఇవ్వక్కర్లేదని న్యాయస్థానాలు చెప్పాయి. అంటే నా ఒళ్లో నిద్రపోయిన పిల్లకి? ఆ ప్రశ్న ఆ రోజు మాకెవరికీ తట్టలేదు. జాతీయ రహదారి మీద బండి ఆగిపోతే 1033కి ఫోన్ చెయ్యొచ్చు. అయితే సిగ్నల్ లేని అడవిలో ఆ నంబరూ పలకదు కాబట్టి, ఘాటు దారిని పగటి పూట దాటేలా బయల్దేరడమే తెలివి.

ఇంకొక్క మాట. 'ఎలాగూ వెళ్తోంది కదా' అన్నది బండికే కాదు, మనకీ బాగా అలవాటైన మాటే. ఎలాగూ ఇంట్లోనే ఉంటావు కదా, కరెంటు బిల్లు కట్టెయ్. ఎలాగూ వంట చేస్తావు కదా, ఇంకో నలుగురికి వండెయ్. ఒక్కోటీ చిన్నదే, కాదనడానికి మొహమాటం. ఆ బండి నోరు లేనిది కాబట్టి విరిగి చెప్పింది. మనకి నోరుంది. 'ఇంత వరకే మొయ్యగలను' అని ముందే చెబితే అది తగవు కాదు, లెక్క.

2023లో మళ్లీ ఇల్లు మారాం. ఈసారి జాబితా పట్టుకుని నేనే బేరానికి కూర్చున్నాను. మావారు పక్కన కూర్చుని లెక్కలు సరిచూశారు, పాపం. ఆర్‌సీ ఒకసారి చూపించమని అడిగితే డ్రైవరు నవ్వాడు. "పోలీసులు కాకుండా నన్ను ఈ కాగితం అడిగింది మీరేనమ్మా" అన్నాడు.

సన్నికల్లు ఇప్పటికీ మా ఇంట్లోనే ఉంది, ఒక మూల పెచ్చు ఊడి. ఈసారి మాత్రం దాని బరువు కూడా జాబితాలో రాశాను.