సంస్థకు చందా, వైద్యునికి తాళం

పులివెందుల ప్రాంతపు బోరునీటిలో ఫ్లోరైడు బెడద మనకు కొత్త కాదు. పళ్ళపై గోధుమరంగు చారలతో, బిగుసుకుపోయిన నడుముతో వచ్చే రోగికి ఇప్పుడు ఏమి చేయవచ్చునో తెలుసుకోదలచి, అక్కడి ప్రాథమిక ఆరోగ్య కేంద్రపు యువ వైద్యురాలొకరు ఒక వైద్య పత్రికల ఆన్‌లైన్ గ్రంథాలయంలో నమోదుకు పూనుకున్నారు. పేరు, వృత్తి, అర్హత నింపిన పిమ్మట అది సంస్థ ఇచ్చిన ఈమెయిలు అడిగింది. ఆమెకున్నది జీమెయిలు. నమోదు అక్కడితో ఆగిపోయింది.

నాటి నెల్లూరు జిల్లాలోని ఫ్లోరోసిస్‌ను వివరిస్తూ 1937లో ఇండియన్ మెడికల్ గెజిట్‌లో వెలువడిన వ్యాసాన్ని పబ్‌మెడ్ సెంట్రల్‌లో నేడు ఎవరైనా ఉచితంగా చదువవచ్చు. కొత్త పరిశోధనలలో అనేకానికి మాత్రం తాళం! తాతల నాటి జ్ఞానంతో మనవలకు చికిత్స చేయమనడమే కదా ఇది?

2024 నవంబరు 25న కేంద్ర మంత్రివర్గం ‘వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్’ పథకాన్ని ఆమోదించింది. మూడేళ్ళకు 6,000 కోట్ల రూపాయలు, 30 ప్రచురణ సంస్థలు, సుమారు 13,000 పత్రికలు. హర్షణీయమే. అయితే అది ప్రభుత్వ ఉన్నత విద్యాసంస్థలకు, కేంద్ర పరిశోధనా సంస్థలకు ఉద్దేశించినది. కడప ప్రభుత్వ వైద్య కళాశాల ఆ కోవలోనికి వస్తుంది. ప్రొద్దుటూరులో సొంత నర్సింగ్ హోమ్ నడిపే వైద్యుడు, జమ్మలమడుగు పల్లెల్లో తిరిగే నర్సు రారు. పేద దేశాల ఆరోగ్య సంస్థలకై ప్రపంచ ఆరోగ్య సంస్థ 2002లో ప్రారంభించిన ‘హినారి’లోనూ మన దేశానికి చోటు లేదు.

“పల్లె వైద్యులు పత్రికలు చదువుతారా?” అని కొందరు పెద్దలు పరిహసిస్తారు. తలుపు మూసి, లోనికి రాలేదని నిందించడం ఏమి న్యాయం? నిపుణుడు పక్క గదిలో లేనివారికే పత్రిక అవసరం ఎక్కువ.

పరిష్కారం కష్టమైనది కాదు. ప్రతి వైద్యునికి మెడికల్ కౌన్సిల్, ప్రతి నర్సుకు నర్సింగ్ కౌన్సిల్ ఇచ్చిన నమోదు సంఖ్య ఉన్నది. రోగిని తాకేందుకు చాలిన ఆ సంఖ్య, వ్యాసం చదివేందుకు చాలదా? ప్రజాధనంతో కట్టిన చందా భవనాలకు కాక, రోగిని చూసే చేతులకు చెందాలి.

అంతవరకు, మిత్రులారా, నమోదు అవసరం లేని పబ్‌మెడ్ సెంట్రల్‌ను వాడుకోండి. సాధారణ ఈమెయిలుతోనే నేషనల్ డిజిటల్ లైబ్రరీలో చేరండి. కానీ ఆ ఉచిత భాగంతో తృప్తిపడి ఊరుకోకండి. మీ వైద్య సంఘ సమావేశంలో ఈ కోరికను తీర్మానంగా పెట్టి పంపండి. వైద్యునికి అందని జ్ఞానం రోగికీ అందదు.