ఒళ్లు నొప్పులు, అయస్కాంతం పరుపులు, మన మౌనం

జనగామలో రైల్వేస్టేషన్‌కి వెళ్లే దారిలో ఒక బట్టల దుకాణం పైఅంతస్తు అది. చిన్న ఫంక్షన్లకి అద్దెకిచ్చే హాలు. పొద్దున్న తొమ్మిదిన్నరకే ఆడవాళ్లు మెట్లమీద బారులు తీరి కూర్చున్నారు. లోపల వరసగా పరుపులు, కొన్నింటికి తీగలు, తీగల చివర ఎర్ర లైటున్న చిన్న పెట్టె. తెల్లకోటు వేసుకున్న పాతికేళ్ల కుర్రాడు మైకులో చెబుతున్నాడు: "రక్తంల ఇనుము ఉంటది గద అమ్మా, అయస్కాంతం ఇనుమును గుంజుతది గద, అందుకే రక్తం ఉరుకుతది, నొప్పి పోతది." కీళ్లవాతం, షుగరు, బీపీ, థైరాయిడ్, గర్భసంచి జబ్బులు, ఫైబ్రోమయాల్జియా, అన్నీ ఆ ఒక్క పరుపుమీదే తగ్గుతాయట. పదిరోజులు ఉచితం. పదకొండోరోజున ధర చెబుతారు.

ఆ చివరి జబ్బు పేరు ఆ కుర్రాడి నోట విని ఆశ్చర్యపోయాను. అది నాకుంది. ఆరేళ్లపాటు దానికి పేరు దొరకలేదు. ఎక్స్‌రేలు బాగున్నాయి, రక్తపరీక్షలు బాగున్నాయి, బాగోలేనిది నేనొక్కదాన్నే. హైదరాబాద్‌లో ఒక పెద్ద ఆసుపత్రి డాక్టరుగారు నా రిపోర్టులన్నీ మావారికి చూపిస్తూ, "మేడంగారు ఎక్కువ ఆలోచిస్తారనుకుంటాను, ఏదన్నా పనిలో పెట్టండి" అన్నారు. సోషియాలజీలో డాక్టరేటు చేసి, రోజూ ఉద్యోగానికి పోయి, ఇంటికొచ్చి వంట చేసే మనిషిని ఇంకే పనిలో పెట్టాలో ఆయన చెప్పలేదు.

కనుక ఈ వ్యాసం దూరంగా నిలబడి రాస్తున్నది కాదు. ఆ హాల్లో నేనూ పదిరోజులు పడుకున్నాను. నిజం చెప్పాలంటే నాకు హాయిగానే ఉంది. నాలుగోరోజుకి మెడ కాస్త తేలికైంది. ఆ హాయి ఎక్కడినుంచి వచ్చిందన్నదే నా ప్రశ్న. దాన్ని ఈ పత్రికలో ఎందుకు అడుగుతున్నానంటే, ఆ హాలుకి ఆడవాళ్లని పోగుచేసింది మనవాళ్లే. మనతో ఊరేగింపుల్లో నడిచిన, మన పత్రిక పంచిపెట్టే ఒక సంస్థవాళ్లు. సంస్థ పేరు రాయను. చెప్పాల్సింది వాళ్ల ముఖంమీదే చెప్పాను.

ముందు జబ్బు సంగతి. 1904లో గోవర్స్ అనే బ్రిటిష్ డాక్టరు కండరాల వాపనుకుని దీన్ని 'ఫైబ్రోసైటిస్' అన్నాడు. వాపేమీ లేదని తర్వాత తేలింది. 1976లో ఫైబ్రోమయాల్జియా అన్న పేరొచ్చింది. 1990లో అమెరికా రుమటాలజీ కాలేజీ కొలత పెట్టింది: ఒంటిమీద 18 చోట్ల నొక్కి చూస్తే కనీసం 11 చోట్ల నొప్పి ఉండాలి. 2010లో ఆ నొక్కి చూడడాన్ని పక్కనపెట్టి, నొప్పి ఎన్ని భాగాల్లో ఉంది, నిద్ర, అలసట, మరుపు ఎలా ఉన్నాయి అని రోగినే అడగమన్నారు. రోగిని అడగాలని తెలుసుకోవడానికి వైద్యశాస్త్రానికి అంతకాలం పట్టిందన్నమాట. ఇప్పుడు అర్థమైనంతలో ఇది నాడులూ మెదడూ నొప్పిని హెచ్చుస్థాయిలో వినే పరిస్థితి. నొప్పి నిజం, వాపు ఉండదు. ఎక్స్‌రేలో కనపడదు. కనపడనిదాన్ని ఆడమనిషి చెబితే ఎవరు నమ్ముతారో మనకి తెలుసు. వందేళ్లకిందటైతే హిస్టీరియా అనేవాళ్లు, ఇప్పుడు 'టెన్షన్' అంటున్నారు.

మహబూబాబాద్ దగ్గర ఒక తండాలో నాకు చాలాకాలంగా తెలిసిన ఒక లంబాడా స్త్రీ ఉంది. నలభై దాటాయి. మిరప ఏరడానికి పోతుంది. "పెయ్యంత గుంజుతదక్కా, పొద్దుగాల లేస్తే ఎవలో కట్టెతోటి కొట్టినట్టుంటది" అంటుంది. ఆమె నొప్పి ప్రయాణం రాస్తే మన ఆరోగ్యవ్యవస్థ చరిత్రే అవుతుంది. మొదట ఆర్‌ఎంపీ సూదులు. తర్వాత మెడికల్ షాపులో విడిగా కట్టిచ్చే రంగురంగుల గోలీలు. తర్వాత నడుంనొప్పి పోతుందని గర్భసంచి తీయించారు. పోలేదు. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15 నుంచి 49 ఏళ్లలోపు స్త్రీలలో గర్భసంచి తీయించుకున్నవాళ్లు దేశం మొత్తంమీద నూటికి 3.2 మంది ఉంటే తెలంగాణలో 7.7, ఆంధ్రప్రదేశ్‌లో 8.9. అనవసరపు గర్భసంచి ఆపరేషన్లమీద మార్గదర్శకాలు అమలు చేయమని 2023లో సుప్రీంకోర్టు రాష్ట్రాలన్నిటికీ చెప్పాల్సి వచ్చింది. ఇన్ని అయ్యాక ఆమె దగ్గరికి పరుపు వచ్చింది. ధరెంత అని అడిగితే చెప్పలేకపోయింది, కిస్తీ ఎంతో చెప్పింది. సంఘం లోన్‌తో కొన్నది.

ఇక్కడో మాట చెప్పుకుపోవాలి. ఆ తండాలో ఒళ్లు నొప్పులున్న ప్రతి స్త్రీకీ ఫైబ్రోమయాల్జియా ఉందని నేననడం లేదు. రక్తహీనత ఉండొచ్చు, థైరాయిడ్, డి విటమిన్ లోపం, అసలైన కీళ్లవాతం ఉండొచ్చు. ఇవన్నీ చూడాలి. అన్నిటికంటే ముందు, రోజంతా వంగి మిరప ఏరి, ఇంటికొచ్చి నీళ్లు మోసే మనిషికి నడుం నొయ్యకపోతేనే ఆశ్చర్యపడాలి. కూలి పనితో వచ్చిన నొప్పికి ఒక గ్రీకు పేరు తగిలించి ఆ పనిని మరిచిపోయే ప్రమాదం కూడా ఉంది. ఆ ప్రమాదం పరుపు అమ్మేవాడి దగ్గర రెట్టింపవుతుంది. ఎందుకంటే కూలిరేటు గురించి మాట్లాడాల్సిన సంఘం మీటింగులో ఆ రోజు వాడికి గంటన్నర టైమిచ్చారు.

భూపాలపల్లిలో మొన్న జరిగిన కార్యకర్తల సమావేశంలో ఈ విషయం లేవనెత్తాను. సింగరేణి కాలనీల్లోనూ ఈ పరుపులు తిరుగుతున్నాయని తెలిసి వెళ్లాను. ఒక సీనియర్ కార్యకర్త, నాకంటే పెద్దామె, నేను గౌరవించే మనిషి, ఇలా అన్నారు: "స్త్రీల అనుభవమే మనకి ప్రమాణం అని మనమే కదమ్మా ఇన్నాళ్లూ చెప్పింది? ఆమె తగ్గిందంటుంటే తగ్గలేదనడానికి నువ్వెవరు? డాక్టర్లూ అదేగా చేశారు?"

ఈ వాదాన్ని తేలిగ్గా తీసెయ్యలేను. చాలామంది తలలూపారు కూడా. కానీ ఇందులో రెండు వేర్వేరు మాటలు కలిసిపోయాయి. 'నాకు నొప్పిగా ఉంది', 'నాకు హాయిగా ఉంది' అన్నది ఆమె సాక్ష్యం. దానిమీద ఆమెకే అధికారం. 'అయస్కాంతంవల్ల తగ్గింది' అన్నది ఆమె సాక్ష్యం కాదు, అమ్మేవాడు ఆమె నోట్లో పెట్టిన కారణం. మొదటిదాన్ని నమ్మినంత మాత్రాన రెండోదాన్ని మింగాల్సిన పనిలేదు. పటాన్‌చెరులో నెట్ ఎన్ ఇంజెక్షన్లు ఆడవాళ్లకి ఏమీ చెప్పకుండా ఇస్తుంటే 1986లో స్త్రీశక్తి సంఘటన, సహేలీతో కలిసి సుప్రీంకోర్టుకి ఎందుకు వెళ్లింది? 2009లో ఖమ్మంజిల్లా హాస్టళ్లలో ఆదివాసీ పిల్లలకి వార్డెన్ల సంతకాలతో హెచ్‌పీవీ టీకాలు వేస్తే మనం ఏమడిగాం? ఏమిటిది, ఎవరిమీద పరీక్షించారు, వాళ్లకేం చెప్పారు అనే కదా. బహుళజాతి కంపెనీని అడిగిన ప్రశ్న ఫంక్షన్ హాల్లో కుర్రాణ్ణి అడగకపోతే, మన ప్రశ్న సూదిమీదే తప్ప అబద్ధంమీద కాదని అనుకోవాలి.

అడిగితే జవాబులున్నాయి. కదలిక లేని అయస్కాంతాల పరుపులు, బెల్టులు ఒక రకం. నొప్పికి వాటి ఫలితంమీద జరిగిన పరీక్షలన్నిటినీ 2007లో ఒకచోట చేర్చి చూస్తే, వాడమని చెప్పడానికి ఆధారం కనిపించలేదు. కరెంటుతో నడిచేవి ఇంకో రకం. తీగచుట్టలో కరెంటు ఆగి ఆగి పారుతుంటే అయస్కాంతక్షేత్రం పుట్టి ఆగుతుంటుంది. ఇది బూటకం కాదు. అతుక్కోని ఎముకల చికిత్సకి అమెరికాలో 1979లోనే అనుమతి వచ్చింది. ఫైబ్రోమయాల్జియా మీద టర్కీలో 56 మంది స్త్రీలతో చేసిన పరీక్ష 2009లో వచ్చింది. రోజుకి రెండుసార్లు, అరగంట చొప్పున, మూడువారాలు పరుపుమీద పడుకోబెట్టారు. నిజం పరుపువాళ్లకి ఎక్కువ మేలు కనిపించింది. 2018లో ఫిన్లాండ్ నుంచి 108 మంది స్త్రీలతో ఇంకా పెద్ద పరీక్ష వచ్చింది. 12 వారాలు నిజం పరుపు, 12 వారాలు కరెంటు పారని ఉత్తుత్తి పరుపు. ఏది ఏదో వాళ్లకి తెలియదు. రెండింటితోనూ నొప్పి తగ్గింది, రెండింటికీ తేడా లేదు.

ఈ చివరి వాక్యం దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. ఉత్తుత్తి పరుపుమీద కూడా తగ్గింది. ఎందుకు తగ్గింది? ఈ జబ్బు సహజంగానే హెచ్చుతూ తగ్గుతూ ఉంటుంది, అదొక కారణం. తగ్గుతుందన్న నమ్మకం మరొకటి. 1784లో ఫ్రాన్స్ రాజు వేసిన కమిటీ, అందులో ఫ్రాంక్లిన్, లావోసియే ఉన్నారు, మెస్మర్ 'జంతు అయస్కాంతం' చికిత్సని రోగుల కళ్లకి గంతలు కట్టి పరీక్షించి ఈ మాటే చెప్పింది. కానీ నా జనగామ పదిరోజుల్ని గుర్తు చేసుకుంటే నాకు మరొకటి తోస్తోంది. అక్కడ మనిషిని పేరుపెట్టి పిలుస్తారు. 'ఎక్కడ నొస్తంది అమ్మా' అని అడుగుతారు. నలభై నిమిషాలు పడుకోనిస్తారు. నా పక్కన పడుకున్న అవ్వ, "ఇంట్ల పగటిపూట నడుం వాలిస్తె కోడలు సూటిపోటి మాటలంటది. ఇదైతే మందు గద" అంది. పగలు నలభై నిమిషాలు పడుకోవడానికి ఆడమనిషికి యంత్రం చీటీ రాసివ్వాల్సి వచ్చింది. కంపెనీ అమ్ముతున్న సరుకు అదేనని నా అనుమానం. అది మన సంఘాలు ఖర్చులేకుండా ఇవ్వగలిగేది. ఇవ్వలేదు.

ఇక రక్తంలో ఇనుము సంగతి. హిమోగ్లోబిన్‌లో ఉన్న ఇనుము అయస్కాంతానికి మేకులా అతుక్కునేది కాదు. అలాంటిదే అయితే, ఈ పరుపులకంటే వందల రెట్లు బలమైన ఎమ్మారై గొట్టంలోకి వెళ్లిన మనిషి ప్రాణాలతో బయటికి రాదు. ఈ ఒక్క వాక్యం ఆ హాల్లో లేచి చెప్పడానికి సైన్సు డిగ్రీ అక్కర్లేదు. నేను చెప్పాను. మైకు కట్టేశారు.

చట్టం కూడా ఉంది. 1954 నాటి మందులు, మాంత్రిక చికిత్సల అభ్యంతరకర ప్రకటనల చట్టం ఏయే జబ్బులు నయం చేస్తామని ప్రకటించకూడదో జాబితా ఇచ్చింది. షుగరు, బీపీ, కీళ్లవాతం, గర్భసంచి జబ్బులు, 'స్త్రీల వ్యాధులు' అందులో ఉన్నాయి. హిస్టీరియా, స్త్రీల వక్షోజాల ఆకృతి కూడా ఉన్నాయనుకోండి, చట్టం రాసినవాళ్ల బుర్రల గురించి ఇంకోసారి మాట్లాడుకుందాం. 2020 ఏప్రిల్ 1 నుంచి వైద్య పరికరాలన్నీ చట్టం దృష్టిలో ఔషధాలే. ఆ హాలు కరపత్రాన్ని, కొన్న రశీదుని జతచేసి రాష్ట్ర ఔషధ నియంత్రణ శాఖకి రాయడం మనం చేయగల పని. రశీదు ఇవ్వకపోతే, ఇవ్వలేదని రాయాలి.

అయితే యంత్రాన్ని వెళ్లగొట్టి ఊరుకుంటే ఆ స్త్రీలని మళ్లీ ఆర్‌ఎంపీ సూదికే అప్పగించినట్టు. 2022లో మహబూబాబాద్‌లో, 2023లో జనగామ, భూపాలపల్లిలో ప్రభుత్వ వైద్యకళాశాలలు వచ్చాయి. మూడుచోట్లా బోధనాసుపత్రి ఉంది. నొప్పి అని వచ్చిన స్త్రీని పదిహేను నిమిషాలు కూర్చోబెట్టి అడిగే ఓపీ వారానికి ఒక్కరోజు పెట్టమని మనం అడిగామా? 2023 మార్చి 8న మొదలుపెట్టిన ఆరోగ్య మహిళ కార్యక్రమంలో కేన్సర్ పరీక్షలు, థైరాయిడ్, విటమిన్లు, నెలసరి అన్నీ ప్రకటించారు. మంచిదే. ఒళ్లంతా నొప్పికి విడిగా చోటు లేదు. తక్కువ మోతాదు అమిట్రిప్టిలిన్ చవకైన మాత్ర, జాతీయ అత్యవసర మందుల జాబితాలో ఉన్నదే. కొందరికి నిద్రపట్టి నొప్పి తగ్గుతుంది. చర్మంమీద అతికించి చిన్నగా కరెంటు పెట్టే టెన్స్ యంత్రం 2020లో అమెరికాలో 301 మంది స్త్రీలమీద చేసిన పరీక్షలో, కదిలేటప్పటి నొప్పిని ఉత్తుత్తి యంత్రంకంటే ఎక్కువ తగ్గించింది. అంటే నాకు యంత్రాలమీద పగలేదు.

యూరప్ రుమటాలజీ సంఘం 2017లో ప్రచురించిన సిఫార్సుల్లో గట్టిగా చెప్పింది ఒక్కటే, వ్యాయామం. తండాలో ఈ మాట చెబితే నవ్వారు. "మేం జేసేది ఏంది మరి?" సరైన ప్రశ్నే. గుత్తపని వేగంతో వంగి ఏరడం వ్యాయామం కాదు, ఒకే కండరాన్ని అరగదీయడం. తన ఒంటికి తగినంత, కొద్దికొద్దిగా పెంచుకుంటూ, ఎవరికోసమూ కాకుండా నడవడం, సాగదీయడం వేరు. దానికి సమయం కావాలి, సమయం ఇంట్లో ఎవరో ఇవ్వాలి. సంఘం మీటింగు మొదటి అరగంట దీనికి కేటాయించాలని భూపాలపల్లిలో అడిగాను. తీర్మానం వాయిదా పడింది. పరుపులకి లోన్ ఇవ్వకూడదన్న తీర్మానం కూడా వాయిదా పడింది.

పోయిన నెల మళ్లీ మహబూబాబాద్ వెళ్లాను. పరుపు ఎలా ఉంది చెల్లె అని అడిగాను. నవ్వింది. "దానిమీద ఇప్పుడు ఆయన పండుతుండక్కా. మెత్తగుందట." ఆమె పక్కనే చాపమీద పడుకుంటోంది. కిస్తీలు ఇంకా తొమ్మిది ఉన్నాయి.